సోఫాల కోడలు దివాలా తీసింది

జీతం వచ్చిన రోజున జనం ఏదో ఒకటి కొనుక్కుంటారు. చొక్కానో, చెప్పులో, ఏదీ కాకపోతే కడుపునిండా తిండో. సోఫాల కోడలు మాత్రం ఆ రోజున పొయ్యి మీది గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసేది. మొగుడి జీతం పొద్దున వచ్చేది. మధ్యాహ్నానికల్లా ఒప్పందం దాన్ని మింగేసి మూతి తుడుచుకునేది.

ఒప్పందం అంటే అప్పుల ఒప్పందం. అప్పులన్నీ ఒక మూట కట్టి, నెలనెలా ఇంత అని కొన్నేళ్ళపాటు కట్టాలి. అన్నేళ్ళూ తప్పకుండా కడితే మిగిలింది మాఫీ. మధ్యలో తప్పితే మూట విప్పేస్తారు. మొదటి అప్పు మొదటి రోజున ఎంతుందో అంతా మళ్ళీ నెత్తిమీదికి వస్తుంది. ఈ ఏర్పాటు చేసినాయన్ని ఇంట్లో "ఒప్పందం సారు" అనేవాళ్ళు. కట్టిన ప్రతి వాయిదాలోంచి ముందు ఆయన ఫీజు తీసుకుంటాడు, తర్వాతే అప్పులవాళ్ళకి పంచుతాడు. ఈ ముక్క ఎవరూ గట్టిగా చెప్పరు. అందుకే నేను గట్టిగా చెబుతున్నాను.

ఆమెను సోఫాల కోడలని ఎందుకన్నారంటే, ఆమె నడిపే సోఫాల షాపు మామగారిది. వీధిలో ఆయన్ని పెద్దమేస్త్రీ అంటారు. విరిగిన కుర్చీకీ కుంగిన సోఫాకీ ఆయన చెయ్యి పడితే మళ్ళీ పెళ్ళికళ వచ్చేది. కొడుక్కి ఆ పని అబ్బలేదు. సుత్తి పట్టుకుంటే మేకు తప్ప అన్నిటినీ కొట్టేవాడు. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు చేరి, పగలంతా గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. వీధి ఆయనకు కుంభకర్ణుడని పేరుపెట్టేసింది. పని కోడలికి అబ్బింది. స్ప్రింగులు కట్టడం, స్పాంజి కోయడం, రెగ్జిన్ లాగి బిగించడం, అన్నీ మామగారి దగ్గరే నేర్చింది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక షాపు ఆమె పేరున రాసిచ్చాడు.

అప్పు కూడా ఆమె పేరునే వచ్చింది. ఒక సినిమా హాలు యజమాని వచ్చి హాలు మొత్తానికీ కొత్త సీట్లు కుట్టమన్నాడు. సరుకంతా అప్పు తెచ్చి కొంది. వేళ్ళు బొబ్బలెక్కేలా కుట్టింది. సీట్లు బిగించిన వారానికి హాలుకు తాళం పడింది, యజమాని గాలిలో కలిసిపోయాడు. అతను అప్పు ఎగ్గొడితే అది వ్యాపారంలో నష్టం. ఈమె ఒక వాయిదా ఆలస్యం చేస్తే నడవడిక మంచిది కాదు! లోకం తూకం ఇలాగే ఉంటుంది.

సరే, ఒప్పందం కుదిరిన రోజు సంగతి చెప్పాలి. ఈ కథలో అసలు తప్పు జరిగింది ఆ రోజే.

ఒప్పందం సారు ఆఫీసులో ముగ్గురూ కూర్చున్నారు. కుంభకర్ణుడు కూర్చునే కునికిపాట్లు పడుతున్నాడు. లెక్క సులువు. ఇంటికొచ్చే ఆదాయంలోంచి ఖర్చులు తీసేస్తే మిగిలేదే నెల వాయిదా.

"నెలకి తిండికి ఎంతవుతుందండీ?" అన్నాడు సారు.

కోడలు నోరు తెరిచేలోపు మామగారు అందుకున్నాడు. "మాకేం తిండి బాబూ! ముగ్గురమే కదా. ఏదో ఇంత ఉడకేసుకుని తింటాం." అని ఒక అంకె చెప్పాడు. ఆ డబ్బుతో ముగ్గురు మనుషులు కాదు, మూడు పిచ్చుకలు కూడా నెల గడపలేవు.

"మందులకి?"

"మా ఇంటావంటా రోగాలు లేవు." అన్నాడు మోకాళ్ళు రుద్దుకుంటూ.

"బట్టలకి?"

"ఉన్నవే చిరిగిచావట్లేదు."

కోడలు బల్ల కింద ఆయన కాలు తొక్కింది. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడే గానీ నోరు లాక్కోలేదు. పరాయివాడి ముందు మామగారి మాట ఆమె కాదనలేకపోయింది. ఒప్పందం సారు చెప్పినవన్నీ చెప్పినట్టే రాసుకుని ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. అంత తక్కువ తిండితో మనుషులెలా బతుకుతారని ఒక్క మాట అడగలేదు. ఎందుకడుగుతాడు? తిండి ఎంత తగ్గితే వాయిదా అంత పెరుగుతుంది కదా.

అప్పులోడు ఖర్చులు పెంచి చెబుతాడని లోకమంతా అనుకుంటుంది. పరువు కోసం తన కూడు తానే తగ్గించి చెప్పే మనుషులు కూడా ఉంటారని ఎవరికీ తోచదు.

అలా మొదలైంది. రెండేళ్ళు దాటేసరికి ఇంట్లో ఒక్కొక్కటే మాయమైంది. పాలు పోయాయి. ఫ్యాను పాడైతే దానికి బట్ట కప్పేశారు, కంటికి కనిపించకుండా. మామగారి కళ్ళజోడు కాడ విరిగితే పురికొసతో చెవికి కట్టుకున్నాడు. "గాలికి ఊగకుండా ఇదే నయం" అనేవాడు పైగా. కోడలు ఒక్క పూటే తిని, అడిగితే ఆకలి లేదనేది. ఆకలి లేని మనిషి రోజంతా సుత్తి ఎలా కొడుతుందో ఎవరూ అడగలేదు. అడిగితే తామూ చెప్పాల్సి వస్తుంది కాబట్టి.

అప్పుడు సారు ఫోను చేశాడు.

"అమ్మా, మీ ఆయనకి ఓవర్‌టైము డబ్బులొస్తున్నాయని తెలిసింది. వచ్చే నెల్నించి వాయిదా కొంచెం పెరుగుతుంది."

"అయ్యా, ఉన్నదే కట్టలేక చస్తున్నాం. తగ్గించమని మేమే అడుగుదామనుకుంటున్నాం."

"తగ్గించడానికి కారణం ఉండాలి కదమ్మా. మీ ఖర్చులు చూస్తే చాలా పొదుపైన కుటుంబం. ఇలాంటివాళ్ళు అరుదు."

ఆ పొగడ్త చెంపదెబ్బలా తగిలింది ఆమెకు. "పోనీ, దివాలా తీస్తే?" అనేసింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకే నమ్మకం కుదరలేదు.

అవతల ఒక నిట్టూర్పు. "దివాలా అంటే మాటలా? కుట్టు మిషన్ పట్టుకుపోతారు. షాపుకి సీలేస్తారు. మీ మామగారి పేరు బజార్న పడుతుంది. ఆలోచించుకోండి."

మిషన్ పోతుందన్న మాటకి ఆమె తిరిగి మిషన్ కేసి చూసింది. తోలుని వెన్నలా కుట్టే పెద్ద మిషన్ అది. అది ఉంటేనే షాపు, షాపు ఉంటేనే ఆమె. నోరు మూసుకుని ఫోను పెట్టేసింది.

ఆ వారమే బడి టీచరు ఇంటినుంచి ఒక పాత సోఫా వచ్చింది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. సోఫా విప్పితే లోపల ఏదో ఒకటి దొరుకుతుంది. చిల్లర, పిన్నీసులు, పిల్లల బొమ్మల కాళ్ళు. ఏం దొరికినా గుడ్డముక్కలో మూట కట్టి, సోఫా చేతికి పిన్ను పెట్టి పంపాలి. సోఫా గుమ్మం దాటేముందు మామగారు అడిగేవాడు, "మూట కట్టావా?" అని. ఒకసారి కట్టుడు పళ్ళు దొరికాయి. వాటినీ కడిగి మూటకట్టి పంపాడు. ఆ ఇంటి పెద్దాయన తర్వాత వీధిలో కనిపించినప్పుడల్లా ముప్ఫై రెండూ బయటపెట్టి నవ్వేవాడు.

టీచరు సోఫా విప్పితే గోనెపట్టా మడతలో కొక్కెం ఊడిన గొలుసు దొరికింది. సన్నదే. కానీ బంగారం. ఏళ్ళ కిందటే పడిపోయి ఉంటుంది, గొలుసు మీద దూది పేరుకుపోయింది. టీచరు ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది.

సోఫాల కోడలు దాన్ని పిడికిట్లో పెట్టుకుంది. రెండు వాయిదాలు, అనుకుంది. అంతకంటే ఆలోచించలేదు. గొలుసు ఏప్రాన్ జేబులోకి ఎలా వెళ్ళిందో ఆమె చెయ్యికే తెలియాలి. తలెత్తి చూస్తే ఎదురుగా మామగారు. పురికొస కళ్ళజోడులోంచి నేరుగా ఆమె జేబుకేసి చూస్తున్నాడు.

చూశాడు. చూసినట్టు ఆమెకూ తెలిసింది. తిడతాడనుకుంది. ఆయనేమో చీపురు తీసుకుని మూల ఊడవడం మొదలుపెట్టాడు. అక్కడ చెత్తే లేదు.

కుట్టడం అయింది. బండివాడు వచ్చాడు. సోఫా ఎత్తాడు. గుమ్మం దాకా మోశాడు. పెద్దమేస్త్రీ ఊడుస్తూనే ఉన్నాడు.

మూట కట్టావా అని అడగలేదు.

అంతే, అది ఆమె తట్టుకోలేకపోయింది. తను దొంగ అయినందుక్కాదు. ఆకలేస్తే చెయ్యి ఎవరికైనా తప్పుతుంది, నేను దాన్ని పెద్ద పాపమనను. కానీ కట్టుడు పళ్ళు కడిగి పంపిన మనిషి గొంతును ఈ ఒప్పందం నొక్కేసింది. అది అన్నం తినేసినా ఆమె ఊరుకుంది, పాలు తాగేసినా ఊరుకుంది. మామగారిని కూడా తినేస్తోంది, దీనికి మాత్రం ఊరుకోకూడదు.

"ఆగు బాబూ!" అని ఆమె బండికి అడ్డంపడింది. గొలుసు తీసి గుడ్డలో కట్టి, సోఫా చేతికి పిన్ను గుచ్చి, "పో" అంది. తర్వాత మామగారికేసి తిరిగింది.

"మామయ్యా, నేను దివాలా తీస్తున్నాను."

చీపురు ఆగింది. "నోర్మూసుకో. మా వంశంలో ఎవరూ ఆ పని చెయ్యలేదు."

"మీ వంశంలో ఎవరైనా సోఫాలో దొరికిన గొలుసు చూసి మూల ఊడ్చారా?"

పెద్దమేస్త్రీ ముఖం నల్లబడింది. చీపురు పడేసి ఇంట్లోకి పోయాడు. ఆ మాట అన్నందుకు ఆమె కళ్ళు నిండాయి. కానీ వెనక్కి తీసుకోలేదు.

నేరుగా వీధి చివర తాళాల బాబాయ్ దగ్గరికి వెళ్ళింది. తాళాలు బాగుచేసే ఆయన్ని వెనకాల అందరూ "దివాలా" అంటారు. ఎప్పుడో దివాలా తీశాడు మరి. ఆయన అరుగు మీద కూర్చుని నింపాదిగా భోంచేస్తున్నాడు. కంచం నిండుగా ఉంది. ఆమె ముందు చూసింది దాన్నే.

"బాబాయ్, ఒకటడుగుతా, ఏమీ అనుకోకు."

"దివాలా సంగతేగా? నా దగ్గరికొచ్చి ఏమీ అనుకోకు అన్నారంటే అదే. తాళం పోతే ధైర్యంగానే అడుగుతారు."

"నీ పనిముట్లు పట్టుకుపోయారా?"

"నా పనిముట్లా? ఎవరు చెప్పారే నీకు?" ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగేదాకా ఆగాడు. "చేతిపని చేసుకునేవాడి పనిముట్లు ముట్టుకోడానికి లేదమ్మా. చట్టంలోనే ఉంది. నా దగ్గర పనికిరాని మోటారు సైకిలుంటే తీసుకెళ్ళారు. దాన్ని తోసుకెళ్ళలేక చచ్చారు పాపం."

"మరి ఒప్పందం సారు మిషన్ పోతుందన్నాడే!"

"నువ్వు దివాలా తీస్తే ఆయన ఫీజు పోతుంది. అది చెప్పలేక మిషన్ అన్నాడు."

"పరువు?"

"కొన్నాళ్ళు ఎవడూ అప్పివ్వడు. వీధిలో పేరు పెడతారు. పేరుదేముంది, నీకు ఆల్రెడీ సోఫాలని ఉందిగా." ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. "ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. దివాలా ఆఫీసులో అధికారిణి ఉంటుంది, ఇంటి ఖర్చులు అడుగుతుంది. వాయిదా కట్టే స్తోమత నిజంగా లేదని తేలితేనే ఒప్పుకుంటుంది. ఉందనిపిస్తే పొమ్మంటుంది."

ఆమెకు పాత లెక్క గుర్తొచ్చింది. స్తోమత లేదని ఎలా తేలుతుంది? మామగారు చెప్పిన పిచ్చుకల లెక్క అక్కడే కూర్చుని ఉంది కదా, చాలా పొదుపైన కుటుంబమని.

ఇంటికొచ్చి మొగుణ్ణి తట్టి లేపింది. "లే. దివాలా తీద్దామనుకుంటున్నా. ఏమంటావు?"

కుంభకర్ణుడు ఒక కన్ను తెరిచాడు. "తీస్తే నేను ఓవర్‌టైము మానెయ్యొచ్చా?"

"మానెయ్యొచ్చు."

"ఇన్నాళ్ళూ దీనికా ఆలోచించింది?" అని అటు తిరిగి పడుకున్నాడు. వెంటనే ఇటు తిరిగాడు. "నాన్నేమన్నాడు?"

"నోర్మూసుకోమన్నాడు."

"నువ్వు మూసుకోకు." అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన మాట్లాడిన వాటిలో ఇంత మంచి మాట లేదని ఆమె తర్వాత అందరికీ చెప్పుకుంది.

విచారణ రోజు వచ్చింది. పెద్దమేస్త్రీ అప్పటిదాకా కోడలితో మాట్లాడలేదు. బయల్దేరేసరికి మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నీకు తోడు రావట్లేదు, చూద్దామని వస్తున్నా" అన్నాడు.

చిన్న గది. ఒక బల్ల, దాని వెనక అధికారిణి. చాలాకాలంగా జనం ఏడుపులు వినీ వినీ అలిసిపోయిన ముఖం. పక్క కుర్చీలో అప్పులవాళ్ళ తరఫున ఒప్పందం సారు, కాలు మీద కాలు వేసుకుని.

"నెలకి తిండికెంతవుతుంది?" అంది అధికారిణి.

సోఫాల కోడలు నిజం చెప్పింది. నీళ్ళు కలపని తిండి ఖర్చు చెప్పింది. మందుల ఖర్చు, కళ్ళజోడు ఖర్చు, అన్నీ చెప్పింది. చెబుతుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి, ఏదో దొంగిలించినదాన్ని లెక్కపెడుతున్నట్టు.

ఒప్పందం సారు దగ్గాడు. "మేడమ్, ఇదివరకు ఇచ్చిన లెక్కలో ఖర్చు ఇందులో సగం కూడా లేదు. సంతకం కూడా ఉంది. ఇప్పుడు ఎగ్గొట్టడానికి పెంచి చెబుతున్నారు."

అధికారిణి కళ్ళు చిన్నవయ్యాయి. "అమ్మా, రెండూ మీ మాటలే. రెండిట్లో ఒకటి అబద్ధం. ఏది?"

ఆ మాట చెప్పాలంటే మామగారి పేరెత్తాలి. నలుగురిలో ముసలాయన్ని అబద్ధాలకోరుని చెయ్యాలి. చెప్పకపోతే తలుపు మూసుకుపోతుంది, ఇంకా రెండేళ్ళు నీళ్ళు తాగి బతకాలి. ఆమె బల్ల అంచు పట్టుకుంది. నోరు తెరిచింది.

వెనక కుర్చీ కిర్రుమంది.

"మొదటిదే అబద్ధం." అన్నాడు పెద్దమేస్త్రీ. "చెప్పింది నేను. పిల్లకేం తెలీదు."

"మీరెవరు?"

"దాని మామని. అమ్మా, పరాయి మనిషి ముందు కూర్చుని మేమింత తింటాం అని ఎలా చెప్పేది? తిండిపోతులనుకోడూ? సగం చెప్పాను. సగం కూడా ఎక్కువనిపించి అందులోనూ కోసేశాను. మందులూ వద్దన్నాను. ఇవిగో మోకాళ్ళు, లేవాలంటే దేవుడు దిగిరావాలి." ఆయన కోడలికేసి చెయ్యి చూపించాడు. "రెండేళ్ళనుంచీ నా కోడలు ఒంటిపూట తింటోంది. నాకు తెలుసు. తెలిసి, పరువు పోతుందని ఊరుకున్నాను. నా పరువుకి అది పస్తులుంది. ఇంక నా వల్ల కాదు. మేం తింటాం తల్లీ. మూడు పూటలా తింటాం. తినేవాళ్ళమని రాసుకో."

అధికారిణి పెన్ను కింద పెట్టింది. ఖర్చులు పెంచి చెప్పేవాళ్ళను ఆమె వందలమందిని చూసింది. తగ్గించి చెప్పి, అది ఒప్పుకోవడానికి ఇంత తిప్పలు పడే మనిషిని చూడ్డం బహుశా అదే మొదటిసారి.

సోఫాల కోడలికి గొంతు తిరిగొచ్చింది. వచ్చినది మామూలుగా రాలేదు. "మా మామయ్య సిగ్గుపడి తగ్గించి చెప్పాడు, సరే. సారూ, మీరు చదువుకున్నారు కదా. రోజూ ఇలాంటి ఇళ్ళు చూస్తారు కదా. ఆ డబ్బుతో ముగ్గురు బతకరని మీకు తెలీదా? మీ ఇంట్లో మీరు ఆ డబ్బుతో ఎన్నిరోజులు తింటారు?"

సారు కాలు మీంచి కాలు దిగింది. "వాళ్ళు చెప్పింది రాసుకోవడమే మా పని."

"మరి ఓవర్‌టైము మేం చెప్పలేదే, అదెలా తెలిసింది మీకు?"

ఆయన బదులు చెప్పేలోపు అధికారిణే అడిగింది. "ఇప్పటిదాకా వీళ్ళు కట్టినదాంట్లో మీ ఫీజు పోగా అప్పులవాళ్ళకి వెళ్ళిందెంత?"

ఆయన కాగితాలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి చెప్పాడు. మొదటి ఏడాది కట్టినదంతా ఆయన ఫీజుకే పోయిందట. పాలు మానేసిన ఏడాది. ఫ్యానుకు బట్ట కప్పిన ఏడాది.

అధికారిణి ఇంక ఎక్కువసేపు తీసుకోలేదు. దివాలాకు అనుమతి ఇచ్చింది, అంటే అప్పులు రద్దు. కుట్టు మిషన్, పనిముట్లు ఆమెవే, ఎవరూ తాకకూడదంది, షాపు నడుపుకోవచ్చంది. కొన్నాళ్ళు అప్పు పుట్టదని హెచ్చరించింది.

"పుట్టకపోతే పీడా పోయింది." అన్నాడు పెద్దమేస్త్రీ. అధికారిణి అలిసిన ముఖం కూడా నవ్వింది.

మెట్లు దిగేటప్పుడు ఆయన కోడలి భుజం పట్టుకున్నాడు, మోకాళ్ళ కోసం. సగం మెట్లు దిగాక ఆగాడు. "అమ్మాయ్. నువ్వన్నావు చూడు, మూల ఊడ్చారా అని."

"కోపంలో అన్నాను మామయ్యా."

"బాగా అన్నావు. పద, ఆకలేస్తోంది."

ఆకలేస్తోందని ఆయన నోరు విప్పి చెప్పడం రెండేళ్ళలో అదే మొదటిసారి. దారిలో కనిపించిన మొదటి హోటల్లోనే దూరారు. ఇద్దరూ తిన్నారు, మళ్ళీ పెట్టించుకుని తిన్నారు, కుంభకర్ణుడికి పొట్లం కట్టించారు.

వీధిలోకొచ్చేసరికి వార్త వాళ్ళకంటే ముందే చేరిపోయింది. వీధి సంగతులన్నీ ఎవరి దుకాణంలో ఉడుకుతాయో ఆ బ్రెడ్డు దుకాణం పిన్ని గట్టిగా అందరికీ వినబడేలా అడిగింది. "ఏం మేస్త్రీగారూ, దివాలా తీశారట?"

కోడలు తల దించబోయింది. పెద్దమేస్త్రీ మాత్రం వీధి నడిమధ్యన నిలబడ్డాడు.

"తీశాం! మా కోడలు తీసింది. దొంగతనం చెయ్యలేదు, సినిమా హాలు వాడిలా పారిపోలేదు. చట్టం ముందు నిలబడి, మా దగ్గర లేదు అని చెప్పి వచ్చింది. దానికి ఎంత దమ్ముండాలో తెలుసా నీకు? రేపట్నించి షాపు మామూలే. విరిగిన కుర్చీలుంటే పంపు!"

తాళాల బాబాయ్ అరుగు మీంచి చప్పట్లు కొట్టాడు. "రండి మేస్త్రీగారూ! ఇన్నాళ్ళూ ఒంటరిగా ఉన్నా, మన జట్టు పెరిగింది!" కుంభకర్ణుడు ఆ గోలకు లేచి బనీనుతో బయటికొచ్చాడు. వీధి వీధంతా పట్టపగలు ఆయన్ని మెలకువగా చూసి నోరెళ్ళబెట్టింది.

మర్నాడు షాపు తలుపు తీసి, సోఫాల కోడలు మిషన్ ముందు కూర్చుంది. చక్రం తిప్పింది. కడుపునిండా తిన్న కాలు తొక్కితే మిషన్ ఎలా పరిగెడుతుందో ఆమె మర్చేపోయింది.

పొద్దెక్కాక బ్రెడ్డు దుకాణం పిన్ని వచ్చింది. చేతిలో ఒక కుర్చీ. దానికేమీ కాలేదు, కొత్తదిలా ఉంది.

"కాలు కొంచెం ఊగుతోందమ్మా." అంది. కుర్చీ కింద పెట్టింది. అది కొండలా నిలబడింది. పిన్ని తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అదికాదు గానీ... నాకూ ఒక ఒప్పందం ఉందే. మా ఇంట్లో ఎవరికీ తెలీదు."

సోఫాల కోడలు మిషన్ ఆపేసింది. మామగారి కేసి చూసింది. నిన్న వీధి నడుమ పిన్నిని కడిగేసిన మనిషి ఈ రోజు ఏమంటాడో అని. పెద్దమేస్త్రీ లేచి, ఊగని ఆ కుర్చీనే పిన్ని ముందుకు జరిపాడు.

"ముందు కూర్చో." అన్నాడు. "మీ ఇంట్లో తిండికెంతవుతుందో చెప్పు. సిగ్గుపడి తగ్గించావంటే మాత్రం ఇక్కణ్ణించి లేవనివ్వను."